దేవదానం తోమించిన చక్రాలు

దేవదానానికి మురికి కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. ఇది ఎవరో ఆయన మీద వేసిన నింద కాదు, ఆయనే పదిమందిలో గొప్పగా చెప్పుకునే మాట. బెంగళూరులో ఒక రైళ్ళ డిపోలో ఇరవయ్యెనిమిదేళ్ళపాటు కాంట్రాక్టు కంపెనీల తరఫున రైలుపెట్టెలు కడిగించాడాయన. కంపెనీలు మారాయి, యూనిఫాం రంగులు మారాయి, దేవదానం మాత్రం మారలేదు. సీటు కింద చెయ్యి పెట్టి చూస్తాడు. కిటికీ ఊచల వెనక వేలు పెట్టి రాస్తాడు. ఆ వేలికి ఇసుమంత నలుపు అంటిందా, పెట్టె మొత్తం మళ్ళీ మొదటినుంచి కడగాల్సిందే. ఆదివారం చర్చిలో వాక్యం వింటూ కూడా ముందు బెంచీ చెక్క మీద దుమ్ముందేమోనని వేలితో గీసి చూసుకునే మనిషి.

ఇంత చేసినా, ఇరవయ్యెనిమిదేళ్ళలో ఒక్క ఆఫీసరు కూడా "శుభ్రంగా ఉందయ్యా" అని అనలేదు. శుభ్రంగా ఉన్న పెట్టె ఎవరి కంటా పడదు. పాడుగా ఉన్నప్పుడు మాత్రం ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఆ లోటు ఆయనకు లోపలెక్కడో గుచ్చుకుంటూనే ఉండేది. పైకి మాత్రం ఎవరి మెప్పూ తనకు అక్కర్లేదని చెబుతూ తిరిగేవాడు. నిజంగా అక్కర్లేనివాడు ఆ సంగతి రోజుకు రెండుసార్లు చెప్పుకోడని ఆయన భార్య ఎవాంజెలిన్ అంటుంది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. రోగాన్ని చూసినట్టే మొగుణ్ణీ చూస్తుంది.

అలాంటి దేవదానానికి యాభై ఆరో ఏట ప్రమోషన్ వచ్చింది. పెట్టెలు కడిగిన నీళ్ళు, అంటే సబ్బూ గ్రీజూ దుమ్మూ ప్రయాణికులు వదిలేసిన సకలమూ కలిసిన నీళ్ళు, ఇదివరకు కాలవలో పడి ఎటో పోయేవి. వాటిని శుద్ధి చేసి మళ్ళీ పెట్టెల బయటి గోడలు కడగడానికే వాడాలని యార్డు చివర ఒక ప్లాంటు కట్టారు. దాన్ని నడిపే పని దేవదానం కంపెనీకే వచ్చింది. శుభ్రం చెయ్యడంలో ఇరవయ్యెనిమిదేళ్ళ అనుభవం అని ఆయన కాగితాల్లో రాసి ఉంది కాబట్టి మేనేజరు దర్శన్ ఆయన్ను ప్లాంటుకు సూపర్‌వైజర్‌ను చేశాడు. అనుభవం మాట నిజమే. దేంట్లో అనుభవమో దర్శన్ అడగలేదు, దేవదానమూ తనంతట తాను చెప్పలేదు.

ప్లాంటులో ఆయనకు చాలావరకు అర్థమైంది. నూనె తేలితే తీసేసే తొట్టి ఒకటి. పటిక కలిపితే మడ్డి అడుక్కు దిగే తొట్టి ఒకటి. నంద్యాలలో చిన్నప్పుడు వాళ్ళమ్మ బురదనీళ్ళ కడవలో పటిక తిప్పడం చూసినవాడే కనుక అందులో వింతేమీ కనపడలేదు. చివర ఇసుకా బొగ్గూ నింపిన ఫిల్టర్లు. అర్థం కానిది ఒక్కటే, మధ్యలో ఉన్న గాలితొట్టి. దాని అడుగునుంచి గాలి బుడగలు తన్నుకొస్తుంటే, చేగోడీలంత ప్లాస్టిక్ చక్రాలు వేలకు వేలు నీళ్ళలో గిరగిరా తిరుగుతుండేవి. ఆ చక్రాలన్నిటికీ గోధుమరంగు జిగురు పట్టి ఉండేది. రోజూ పొద్దున్నే అది చూడగానే దేవదానానికి తిన్న ఉప్మా గొంతులోకి వచ్చేది. ప్రపంచం మురికినంతా వదిలించే చోట ఇంత పాచి ఏమిటని ఆయన బాధ.

ఆ తొట్టికి యజమానురాలు సమీనా. ప్లాంటు కెమిస్టు, ప్రొద్దుటూరు అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు. మడివాళలో ఒక పీజీ హాస్టల్లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటుంది. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైతే తనకంటూ తలుపు వేసుకోగల గది ఒకటి తీసుకోవాలని ఆ పిల్ల ఆశ. రోజూ ఆ చక్రాల్లోంచి ఒకటి పైకి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, తనలో తను నవ్వుకుంటూ ఏదో రాసుకునేది. పాచిని చూసి నవ్వే ఆడపిల్లను దేవదానం అదే మొదటిసారి చూడటం.

బుధవారం సాయంత్రం సమీనా అక్క నిఖాకి ఊరికి బయలుదేరింది.

"అంకుల్, నేను సోమవారం పొద్దున్నే వచ్చేస్తా. అంతవరకు ఆ గాలితొట్టి జోలికి మాత్రం పోవద్దండి. గాలి వస్తా ఉండాదా లేదా, అంతే చూడండి."

"పోను లేమ్మా. నేనేమన్నా చిన్నపిల్లోడినా?"

గేటు దాకా పోయి వెనక్కి వచ్చి మళ్ళీ చెప్పింది. బస్సు ఎక్కాక ఫోన్ చేసి చెప్పింది. ఊరు చేరాక మెసేజ్ పెట్టింది. నాలుగోసారికి దేవదానానికి రోషం వచ్చింది. తాను కడిగించిన పెట్టెల్లో పాలు తాగుతూ ఊరికి పోయి ఉండే పిల్ల, తనకు శుభ్రం గురించి చెబుతుందా?

గురువారం పొద్దున దర్శన్ ఫోన్ చేశాడు. కన్నడవాడే అయినా దేవదానంతో పడీపడీ తెలుగు నేర్చుకున్నాడు. "దేవదానం, సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉంది. పెద్ద ఆఫీసర్ మేడం వస్తారె. నీళ్ళు శాంపిల్ తీసుకుంటారు. ప్లాంట్ ఫుల్ క్లీన్ ఉండాల, గొత్తాయ్తా, తెలిసిందా?"

క్లీన్ అన్న తర్వాత దేవదానానికి ఇంకేమీ వినపడలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని తిన్నగా గాలితొట్టి దగ్గరికి నడిచాడు.

ప్లాంటు ఆపరేటరు సొన్నప్పకు ఈ వాలకం నచ్చలేదు. సొన్నప్ప బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు, మాట్లాడేది తక్కువ. "దేవదానప్పా, ఆ పాచి ఉండనీప్పా. మేడం దాన్ని దినామూ అద్దం కింద పెట్టి చూస్తాది. ఏమో విషయం ఉండాది దాంట్లో."

"పాచిలో ఏముంటాది సొన్నప్పా, పాచే ఉంటాది. నువ్వు గాలి ఆపు."

పెట్టెలు కడిగే అంజినమ్మనూ, ఆమె వెంట పన్నెండుమంది ఆడవాళ్ళనూ పిలిపించాడు. వాళ్ళు దేవదానం చేతికింద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు, ఆయన కడగమంటే ఎందుకని అడగరు. నీళ్ళు తోడేశారు. చక్రాలన్నీ వల సంచుల్లోకి ఎత్తారు. పెట్టెల మీద కొట్టే నీళ్ళ జెట్టుతో వాటిని బాదారు. బ్లీచింగ్ పౌడర్ కలిపిన డ్రమ్ముల్లో నానేశారు, గట్టి బ్రష్షులతో తోమారు, టార్పాలిన్ల మీద వడియాల్లా ఆరబోశారు. తొట్టి గోడలు కూడా వదల్లేదు. శుక్రవారం సాయంత్రానికి చక్రాలు తెల్లగా మెరిసిపోతున్నాయి. దేవదానం ఒక చక్రం తీసి సందుల్లో వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఫొటో తీసి కంపెనీ గ్రూపులో పెట్టాడు. "ఎనిమిది నెలల మురికి రెండు రోజుల్లో మాయం" అని కింద రాశాడు. పదకొండు మంది బొటనవేళ్ళు ఎత్తారు. దర్శన్ పూలగుత్తి బొమ్మ పంపాడు. నిఖా హడావుడిలో ఉన్న సమీనా ఒక్కతే చూడలేదు. మూడు సంచుల చక్రాలు పచ్చిగా ఉన్నాయని ఎండలోనే ఉంచి, మిగిలినవి తొట్టిలో పోయించి, గాలి పెట్టించి, దేవదానం ఇంటికి పోయి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాడు.

శనివారం పొద్దున ఆయన వచ్చేసరికి తొట్టిలోంచి నురగ పొంగి, గోడ దాటి, మెట్ల మీదుగా కిందికి దిగుతోంది. సొన్నప్ప మోకాళ్ళ దాకా నురగలో నిలబడి, నేను ముందే చెప్పలేదా అన్న ముఖం పెట్టుకుని చూస్తున్నాడు. ఇంతలో అంజినమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చింది. శుద్ధి అయి యార్డులోకి వెళ్ళిన నీళ్ళు చిక్కటి టీలా ఉన్నాయి, పెట్టెల మీద కొడితే కుళ్ళు కంపు వస్తోంది.

"సార్, ఆ నీళ్ళతో కడిగిన పెట్టెను మళ్ళా కడగాల. దేంతో కడగాలో చెప్పండి."

దేవదానం ఆలోచించాడు. కంపు కొడితే ఏం చెయ్యాలో ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. ఇంకో బస్తా బ్లీచింగ్ పౌడర్ తెప్పించి గాలితొట్టిలో పోశాడు.

పదకొండు గంటలకు సమీనా ఫోన్ చేసింది. వెనక పెళ్ళివారి సందడి వినిపిస్తోంది.

"అంకుల్, గ్రూపులో ఫొటో ఇప్పుడే చూసినా. ఆ చక్రాలు మనవేనా?"

"మనవే. ఎట్ల ఉండాయి?" అన్నాడు దేవదానం. నురగలో నిలబడి కూడా ఆ ఒక్క మాట అడగకుండా ఉండలేకపోయాడు.

"బ్లీచింగ్ వేసినారా?"

"వేసినా. రెండు బస్తాలు." ఎందుకైనా మంచిదని నిజం చెప్పాడు. "ఈ పొద్దు కూడా ఒకటి వేసినా."

అవతలినుంచి ఏడుపు వినిపించింది. అక్క పెళ్ళిలో ఎవరూ చూడకుండా ఏ మూలో నిలబడి ఏడ్చే ఏడుపు అది.

"వాటిని పెంచేదానికి నాకు నాలుగు నెలలు పట్టింది అంకుల్."

"వేటిని?" అన్నాడు దేవదానం.

వేటినో మధ్యాహ్నం ఇంట్లో ఎవాంజెలిన్ విడమరిచి చెప్పింది. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు చాపుకుని కూచుని, సంగతంతా విని, మొదట కడుపు పట్టుకుని నవ్వింది.

"రోగికి పెద్ద మందులు వాడితే కడుపులో ఉండే మంచి క్రిములు కూడా చచ్చి, తిన్నది అరక్క విరేచనాలు పడతాయి గదయ్యా. ఇదీ అంతే. ఆ జిగురులో ఉండేవి ప్రాణాలు. నీళ్ళలో మురికి తినేది అవే. నువ్వు పనోళ్ళందర్నీ చంపేసి, ఫ్యాక్టరీ నీటుగా ఉండాదని ఫొటో తీసినావు."

ఈ ముక్క ఏ సైన్సు మాస్టారైనా చెప్పి ఉంటే దేవదానం వాదించి ఉండేవాడు. భార్య చెప్పేసరికి కడుపులోకి తిన్నగా దిగింది. పైగా తొట్టి చేస్తున్నది సరిగ్గా విరేచనాలే.

"మరి ఆ పిల్ల గతేం?" అంది ఎవాంజెలిన్, నవ్వు ఆపేసి.

దానికి జవాబు దర్శన్ దగ్గర సిద్ధంగా ఉంది. యార్డులో నీళ్ళు కంపు కొడుతున్న సంగతి తెలిసి అప్పుడే ఫోన్ చేశాడు. "దేవదానం, టెన్షన్ తీసుకోవద్దు. కెమిస్ట్ లీవ్ మీద పోయింది కదా? ఏం చెయ్యాల, ఏం చెయ్యకూడదు, ఎవరికీ చెప్పకుండా పోయింది అని లెటర్ రాయిస్తా. నువ్వు సైన్ మాడు, సైన్ చేస్తే చాలు. ఆ అమ్మాయి ఎట్లానూ ప్రొబేషన్. కంపెనీ సేఫ్, నువ్వూ సేఫ్."

"సరే సార్" అన్నాడు దేవదానం.

ఫోన్ పెట్టేశాక గాని తానేం అన్నాడో ఆయన చెవికి చేరలేదు. కూరల బండివాడితో కొత్తిమీర కట్ట కోసం కూడా ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడతాడు. ఒక ఆడపిల్ల ఉద్యోగం రెండే మాటల్లో అప్పజెప్పేశాడు, అదీ 'సార్' తగిలించి మరీ. నిన్నటిదాకా తాను నిఖార్సైన మనిషినని అనుకున్నాడు. ఎవరూ వేలు పెట్టి రాసి చూడకపోతే ఏ మనిషైనా నిఖార్సుగానే కనిపిస్తాడు.

"నాలుగుసార్లు చెప్పింది అంటివే?" అంది, పక్కనే కూచుని ఫోన్లో మాటలన్నీ విన్న ఎవాంజెలిన్.

"ఆఫీసు సంగతులు నీకు తెలీవు" అన్నాడు. ఆవిడ లేచి వంటింట్లోకి పోయింది. ఆవిడ తిట్టి ఉంటే దేవదానానికి బాగుండేది.

కూచోబుద్ధి కాక సమీనాకు తనే ఫోన్ చేశాడు. క్షమించమని అడగాలనుకున్నాడు గాని నోటికి వచ్చింది వేరు. "ఇప్పుడేం చేస్తే బాగైతాదమ్మా?"

సమీనా గొంతు పొడిగా ఉంది. "సోమవారానికి నీళ్ళు పాస్ కావు అంకుల్, అది అయిపోయిన మాట. ఆ బ్లీచింగ్ నీళ్ళు మొత్తం తోడేసి, మంచినీళ్ళతో రెండుమాట్లు జాడిచ్చండి. ఇంట్లో పెరుగు లేకుంటే పక్కింట్లో తోడుకు రోంత అడిగి తెచ్చుకుంటాం గదా, అట్ల బాగా నడిచే ప్లాంటు ఏదన్నా చూసి మడ్డి అడిగి తేవాల. పెద్ద అపార్ట్‌మెంట్లల్లో ఇట్లాంటి మురుగునీళ్ళ ప్లాంట్లు ఉంటాయి. వాసన చూడండి. మట్టి వాసన వస్తే తీసుకోండి, కుళ్ళు వాసన వస్తే వద్దు. నా ఉద్యోగం సంగతి దేవుడెరుగు, అవన్నా బతకాల."

ఆదివారం మొదటి ఆరాధన ముగిసీ ముగియకముందే దేవదానం చర్చిలోంచి బయటపడ్డాడు. గేటు దగ్గర సొన్నప్ప సామాన్ల ఆటో, పదిహేను నీలం క్యాన్లు పెట్టుకుని ఉన్నాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటు, చేతిలో బైబిలు, ఈ అవతారంతో దేవదానం బెంగళూరు అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర మడ్డి అడుక్కోవడం మొదలుపెట్టాడు.

మొదటి చోట వాచ్‌మన్ బైబిలు చూసి, ఇక్కడ ప్రార్థనలకు పర్మిషన్ లేదన్నాడు. మడ్డి కోసం వచ్చామని చెప్పాక అసోసియేషన్ సెక్రటరీని పిలిచాడు. నిక్కరు వేసుకుని కుక్కను పట్టుకుని వచ్చిన ఆ పెద్దమనిషి ఆసాంతం విని, "మా మడ్డి మీకెందుకు? మిమ్మల్ని ఎవరు పంపారు?" అని అనుమానంగా అడిగాడు. లెటర్‌హెడ్ మీద రాసిస్తే వచ్చే మీటింగులో పెడతానన్నాడు. అది నిన్నటిదాకా ఆయన ఉందని కూడా ఎరగని మడ్డి. ఒకడు అడిగేసరికి దానికెక్కడలేని విలువా వచ్చింది. రెండో చోట రానిచ్చారు. నేలమాళిగలోకి దిగి, తొట్టి అంచున మోకాళ్ళ మీద కూచుని, కళ్ళు మూసుకుని దేవదానం వాసన చూశాడు. కుళ్ళు వాసన. తల తిరిగి పైకి వచ్చాక సొన్నప్ప మంచినీళ్ళు ఇచ్చాడు.

మూడోది మడివాళ సంత వెనక ఉన్న అపార్ట్‌మెంటు. అక్కడి ప్లాంటు చూసే పెద్దమునియప్ప సొన్నప్పకు బావ వరస. విషయం చెప్పగానే ఆయన లోపలికి తీసుకుపోయి, చెంబుతో ముంచి దేవదానం ముక్కు కింద పెట్టాడు. తొలకరి వానకు తడిసిన నేల వాసన వచ్చింది. దేవదానం నమ్మలేక మళ్ళీ పీల్చాడు.

"మూడేండ్ల మడ్డి అప్పా ఇది" అన్నాడు పెద్దమునియప్ప. "కరెంటు పోతే ఫ్లాట్లోళ్ళ లిఫ్టు కంటే ముందు నేను దీనికి గాలి ఇస్తా. వాళ్ళు తిడతారు. తిట్టనీ. లిఫ్టు లేకుంటే మనిషి మెట్లెక్కుతాడు, గాలి లేకుంటే ఇవి యాడికి పోతాయి? అది సరే, మీది ఎట్ల చచ్చిపాయ?"

సొన్నప్ప ఆకాశం వైపు చూశాడు.

"కడిగిచ్చినా" అన్నాడు దేవదానం. "బ్లీచింగ్ వేసి, బ్రష్షుతో తోమిచ్చి, ఎండబెట్టినా."

పెద్దమునియప్ప నవ్వలేదు. "పాపం" అన్నాడు. అది తనకోసమో ఆ చచ్చినవాటి కోసమో దేవదానం అడగలేదు. పదిహేను క్యాన్లూ నిండాయి.

తిరుగుదారిలో సిల్క్‌బోర్డ్ కూడలి ట్రాఫిక్‌లో ఒక క్యాను మూత ఊడి, దేవదానం తెల్లచొక్కా ఛాతీ నుంచి నడుము దాకా తడిసింది. చుట్టూ బైకులవాళ్ళు ముక్కులు మూసుకుని పక్కకు జరిగారు. ఇన్నేళ్ళ బెంగళూరు బతుకులో ఆ కూడలిలో ఆయనకు దారి దొరకడం అదే మొదటిసారి.

తొట్టిలో బ్లీచింగ్ నీళ్ళు తోడేసి శనివారం రాత్రే రెండుసార్లు జాడించి పెట్టారు. క్యాన్లు ఒక్కొక్కటే వంచి పోశారు. తెల్లటి చక్రాలు గోధుమరంగు నీళ్ళలో మునిగిపోతుంటే దేవదానం గోడ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "బతకండి నాయనా" అన్నాడు పైకే. పాచితో మాట్లాడుతున్నానని తెలిసి సిగ్గుపడ్డాడు, అయినా ఇంకోసారి అన్నాడు.

సోమవారం పది గంటలకు ఆఫీసరు వచ్చింది. లీలావతి అని, విశాఖపట్నం వైపు ఆవిడ, సివిల్ ఇంజినీరు. దర్శన్ టై కట్టుకుని, చేతిలో ఫైలుతో ఉన్నాడు. ఫైల్లో లెటర్ ఉంది. సమీనా బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతులకు మెహందీ ఎర్రగా పండి ఉంది, బ్యాగు పక్కన పడేసి తొట్టి దగ్గరికి పోయింది. దేవదానాన్ని పలకరించలేదు.

శాంపిల్ సీసాలో నీళ్ళు మసకగానే ఉన్నాయి. అది ఫెయిలవుతుందని చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి పెదవి విరిచింది. తర్వాత గోడ పక్కన మిగిలిపోయిన మూడు సంచులు ఆవిడ కంటపడ్డాయి. వంగి ఒక చక్రం తీసింది.

"ఇవి కొత్తవా?"

"లేదు మేడం, పాతవే" అన్నాడు దర్శన్, సందు దొరికింది కదా అని. "మా సూపర్‌వైజర్ స్పెషల్‌గా క్లీన్ చేయించారు. చాలా సిన్సియర్ మనిషి. ప్రాబ్లం ఏమిటంటే మా కెమిస్ట్..."

ఆవిడ వినిపించుకోలేదు. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, సందుల్లోకి వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకుంది.

"వచ్చేటప్పుడు మీ పెట్టెలు కూడా చూశాను. కిటికీ సందులు కూడా శుభ్రంగా ఉన్నాయి. అవీ మీరే కడిగించేవారట. ఇంత నిష్ఠగా పనిచేసేవాళ్ళు నాకు తగల్లేదండీ. మీ పేరేమిటి?"

"దేవదానం మేడం."

ఆవిడ నోటుపుస్తకంలో రాసుకుంది. ఆయన కళ్ళముందే, పెన్నుతో, పేరు పూర్తిగా.

ఒళ్ళంతా వెచ్చబడింది దేవదానానికి. ఇరవయ్యెనిమిదేళ్ళు ఎదురుచూసిన మాట, 'అండీ' తో సహా వచ్చింది. దీన్ని ఉంచుకోవడానికి ఆయన చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు, ఊరికే నిలబడితే చాలు. దర్శన్ ఫైలు తెరిచి పెన్ను అందించాడు. దేవదానం పెన్ను అందుకున్నాడు. అందుకున్నాడన్న సంగతి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆయనకు చెవులు కాలేవి. కాగితం మీద తన పేరు టైపు చేసి ఉంది. దాని పైన సమీనా పేరు ఉంది. పది అడుగుల దూరంలో ఆ పిల్ల వాళ్ళ వైపు వీపు పెట్టి, గాజు జాడీలో నీళ్ళు పట్టి, మడ్డి ఎలా దిగుతోందో చూస్తోంది. భుజాలు బిగుసుకుని ఉన్నాయి.

"మేడం" అన్నాడు దేవదానం. "మేడం, అది అంత తెల్లగా ఉండేదే తప్పు మేడం. దానికి పాచి ఉండాల. ఆ పాచిలో ఉండే ప్రాణాలే నీళ్ళను శుద్ధి చేసేది. నాకు తెలీక మొత్తం కడిగిచ్చి చంపేసినా. నీళ్ళు అందుకే పాడైనాయి."

దర్శన్ దగ్గాడు. ఆఫీసరు చక్రం వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"మీకెవరూ చెప్పలేదా?"

ఇక్కడ లేదంటే ఇంకా తప్పించుకోవచ్చని దేవదానానికి తెలుసు. ఆయన బుర్ర అంత వేగంగా అంతకుముందెప్పుడూ పనిచెయ్యలేదు.

"చెప్పింది మేడం, ఆ పాప. నాలుగుసార్లు చెప్పింది. గేటు దాకా పోయి వెనక్కొచ్చి మళ్ళా చెప్పింది. చిన్నపిల్ల నాకు చెప్పేదేందని రోషమొచ్చి వినకపోతిని."

లెటర్‌ను మడిచి, పెన్నుతో సహా దర్శన్‌కు ఇచ్చేశాడు. ఆఫీసరు చక్రాన్ని సంచిలో వేసి, చెయ్యి దులుపుకుని, నోటుపుస్తకంలో ఆయన పేరు రాసిన పేజీ మళ్ళీ తీసింది. కొట్టెయ్యలేదు, దాని కింద ఇంకో మూడు వరుసలు రాసింది. నెల రోజుల్లో మళ్ళీ శాంపిల్ తీస్తామంది. ఈలోపు తొట్టి విషయంలో కెమిస్టు మాటే ఆఖరు మాట అని దర్శన్‌కు చెప్పి వెళ్ళిపోయింది. కారు కదిలీ కదలకముందే దర్శన్ దేవదానాన్ని రేపటినుంచి మళ్ళీ పెట్టెలు కడిగించే పనికి పొమ్మన్నాడు. తిట్టినవి కన్నడంలో తిట్టాడు, అన్నీ అర్థమయ్యాయి.

అందరూ వెళ్ళాక దేవదానం తొట్టి దగ్గరికి వచ్చి, రెండడుగుల దూరంలో ఆగాడు. సమీనా జాడీని కదలకుండా పట్టుకుని ఉంది. అడుగున మడ్డి మెల్లగా దిగుతోంది.

"నాకు ఇంకా కోపంగానే ఉండాది అంకుల్" అంది, తల తిప్పకుండా.

"ఉండనీమ్మా."

"ఆ మేడం మిమ్మల్ని అంత మెచ్చుకుంటా ఉంటే, ఇంక అయిపోయింది, ఈయన నోరు తెరవడు అనుకున్న్యా."

దేవదానం తొట్టిలో తిరుగుతున్న చక్రాల వైపు చూశాడు.

"నేనూ అట్లే అనుకున్న్యా తల్లీ" అన్నాడు.